వెనక పేజీల జవాబులు

సోమవారం, ఏప్రిల్ మొదట్లో
(తేదీ వేయలేదు. ఎందుకో కింద తెలుస్తుంది.)

బుల్లీ,

చేతిరాత చూసి భయపడకు. చెయ్యి బాగానే ఉంది, కుర్చీయే పొట్టిది. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక నేను రాస్తున్న మొదటి ఉత్తరం ఇది. ఫోన్ చేయొచ్చుగా అంటావు. ఫోన్లో మాట్లాడుతుంటే మధ్యలో మాట జారిపోతుంది, అవతలివాళ్ళు జాలిగా ఊఁ కొడతారు. కాగితం ఊఁ కొట్టదు. పైగా నీ నంబరు నొక్కాలంటే అంకెలు కావాలి.

అసలు సంగతి అదే. తలలో ఏదో నరం మూసుకుపోయిందన్నారు కదా, అది పోతూ పోతూ నా అంకెల్ని పట్టుకుపోయింది. 7 అని కనిపిస్తే ఏడు అని చదువుతాను. ఏడంటే ఎంతో తెలియదు. ఇన్నేళ్ళూ ఆరో తరగతికీ ఏడో తరగతికీ భిన్నాలు, దశాంశాలు, శాతాలు నూరిపోసినదాన్ని. మొన్న మందుబిళ్ళ సగం వేసుకోమంటే, విరిచిన రెండు ముక్కల్నీ అరచేతిలో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. చివరికి మీ బావే ఒక ముక్క తీసి నోట్లో వేశారు.

వ్యాయామం చేయించడానికి వచ్చే అమ్మాయి, "పోయినవి తిరిగొస్తాయండి, చిన్నపిల్లలా మొదటినుంచి లెక్కలు చేయండి, కాలిక్యులేటర్ మాత్రం ముట్టుకోకండి" అంది. సరేనని నా పాఠ్యపుస్తకం తెరిచాను. లెక్క చూడగానే జవాబు వచ్చేస్తోంది. సంబరపడబోయి ఆగిపోయాను. అది లెక్క చేయడం కాదు, కంఠస్థం. ఆ పుస్తకంలో ఏ పేజీలో ఏ లెక్కకి ఏ జవాబో నోటికి పాటలా వచ్చు. బుర్రకి అందులో పనే లేదు.

నాకు కొత్త లెక్కలు కావాలి. నేను ఎప్పుడూ చూడని పుస్తకం ఒకటి కొని, కొన్ని లెక్కలు రాసి పంపు. జవాబులు పంపకు. నేను చేసి పంపుతాను, నువ్వు వెనక పేజీల్లో చూసి తప్పో ఒప్పో చెప్పు. మీ బావని అడగలేను. ఆయన రోజంతా విశ్రాంతి అనే మంత్రం జపిస్తున్నారు.

బడి జూన్‌లో తెరుస్తారు. ఆలోగా నేను పాఠం చెప్పగలనని నాకు నమ్మకం కలగాలి. లేకపోతే ఉద్యోగం వదిలేస్తున్నట్టు సంతకం పెట్టాలి. హెడ్‌మిస్ట్రెస్ మెత్తగానే చెప్పింది. ఎంత మెత్తగా చెప్పినా మాట అదే. బడి కాకుండా నాకు ఇంకో బతుకు తెలియదు, బుల్లీ.

లెక్కల పీరియడ్ అనగానే కడుపునొప్పి తెచ్చుకునే నిన్ను అడగాల్సి వచ్చింది. ఓడలు బళ్ళవుతాయంటే ఇదే కాబోలు.

నీ అక్క

11 ఏప్రిల్

అక్కా,

నీ ఉత్తరం మెషీన్ ముందు కూర్చునే చదివాను. బడి దుస్తుల సీజను కదా, నీలం లాగులు, తెల్ల చొక్కాలు కుట్టి కుట్టి కళ్ళు మూసుకున్నా నీలమూ తెలుపే కనిపిస్తున్నాయి. నా కళ్ళల్లో నీళ్ళు చూసి మేస్త్రీ, "తెల్ల గుడ్డ మీద పడనివ్వకు, మరక పోదు" అన్నాడు. అంత దయగల మనిషి. అందుకని భోజనం గంట దాకా ఆగి ఏడ్చాను.

పుస్తకం దొరికింది. పాతది, అట్ట ఊడిపోయింది, పేరు తెలియదు. వెనక జవాబులు ఉన్నాయి, బెంగపడకు. ఎవరో కుట్టుపనివాళ్ళ కోసం రాసినట్టున్నారు, లెక్కలన్నీ గుడ్డల మీదే. ఈ మూడూ చెయ్యి.

ఒకటి. సంచి పైగుడ్డకి 1/2 మీటరు, లోపల లైనింగ్‌కి 1/3 మీటరు కావాలి. మొత్తం ఎంత?

రెండు. ఒక రిబ్బను 0.5 మీటరు, ఇంకొకటి 0.125 మీటరు. ఏది పొడుగు?

మూడు. 100 సెంటీమీటర్ల గుడ్డ ఉతికితే 20 శాతం ముడుచుకుంది. తడి మీద సాగదీసి ఇస్త్రీ చేస్తే, అలా ముడుచుకున్న గుడ్డ 20 శాతం పెరిగింది. ఇప్పుడు ఎంత?

తొందరేం లేదు. నువ్వు నాకు ఎప్పుడూ తొందరేం లేదని చెప్పలేదు గానీ, నేను చెబుతున్నాను. నీ కూతురు (నేను కన్నాననే గానీ పోలికలన్నీ నీవే) ఎనిమిదో తరగతికి వచ్చింది. సెలవులకి దాని స్నేహితురాలి ఊరు పోయింది. ఇల్లు బోసిగా ఉంది.

నీ బుల్లి

గురువారం, ఏప్రిల్ మధ్యలో

బుల్లీ,

చేశాను. మూడూ చేశాను.

మొదటిదానికే ఒక పొద్దు గడిచింది. రెండుకీ మూడుకీ ఇద్దరికీ సరిపడే ఇల్లు వెతకాలని తెలుసు, ఆ ఇంటి పేరు ఆరు అని గుర్తు రావడానికి పొయ్యి మీద పాలు పొంగి స్టవ్వంతా పారాయి. మీ బావ వచ్చి చూసి గుడ్డ తెచ్చి తుడిచారు. లెక్కల కాగితాన్ని దిండు కింద దాచాను. ఆయన సామాన్ల చీటీ అనుకుని తీసుకెళ్ళి కొట్టులో ఇచ్చారట. కొట్టతను అటూ ఇటూ తిప్పి చూసి తిరిగి ఇచ్చేశాడు.

నా జవాబులు. మొదటిది 5/6 మీటరు. రెండోదానిలో 0.5 మీటరు రిబ్బను పొడుగు. మూడోది 96 సెంటీమీటర్లు.

మూడోది అయితే ఒకటికి రెండుసార్లు చదువుకున్నాను. ముడుచుకున్నాక ఎనభై, ఆ ఎనభైలో ఇరవై శాతం పదహారు, అని మెల్లగా ఒక్కో అడుగే వేసుకుంటూ వెళ్ళాను. వాగు మీద వేసిన తాటిదుంగ మీద నడిచినట్టు. అవతలి ఒడ్డుకి వచ్చాననే అనిపించింది. చాలా అలసిపోయాను, కానీ ఆ అలసట బాగుంది.

వెంటనే చూసి రాయి. పోస్టు మనిషి వచ్చే వేళకి గుమ్మంలో కూర్చుంటున్నాను.

నీ అక్క

24 ఏప్రిల్

అక్కా,

మొదట ఒక మాట. ఇది మొదటిసారి. మొదటిసారికి ఎవరికీ రావు.

మూడూ కలవలేదు అక్కా. మొదటిదానికి పుస్తకంలో 2/5 అని ఉంది. రెండోదానిలో 0.125 పొడుగట, మూడు అంకెలున్నది మరి. మూడోదానికి 100. ఇరవై పోయి ఇరవై వచ్చింది కదా, ఎక్కడిది అక్కడికే వచ్చింది. మనసు కష్టపెట్టుకోకు. ఇంకొన్ని పంపుతున్నాను.

ఒకటి. ఒక చొక్కాకి 3/4 గజం తెల్లగుడ్డ, కాలరుకి 1/5 గజం. మొత్తం ఎంత?

రెండు. 50 చొక్కాల్లో సగానికి గుండీలు కుట్టలేదు. ఎంత శాతానికి కుట్టలేదు? (ఇది మా షాపులో జరిగిందే అనిపించేలా ఉంది. మొత్తం నేనే కూర్చుని కుట్టాను.)

బావ షాపుకి ఫోన్ చేశాడు. నిన్ను విశ్రాంతి తీసుకోమని నేను కూడా చెప్పాలట. లెక్కల సంగతి నేను ఎత్తలేదు, ఒట్టు.

నీ బుల్లి

మంగళవారం, ఏప్రిల్ చివర

బుల్లీ,

నీ ఉత్తరం వచ్చిన రోజు అన్నం తినలేదు. కోపంతో కాదు. సహించలేదు.

తప్పులు రావడం నాకు కొత్త కాదు. పిల్లల తప్పులు దిద్దే బతికాను. నన్ను భయపెట్టేది వేరే. ఆ మూడు జవాబులూ నాకు సరిగ్గానే అనిపించాయి. ఇప్పుడు మళ్ళీ చూసినా సరిగ్గానే అనిపిస్తున్నాయి. తప్పు చేశానని లోపల ముల్లులా గుచ్చుకుంటే దిద్దుకోవచ్చు. సరే సరే అంటూనే తప్పుదారి పట్టించే బుర్రని ఏం చేసుకోను? రేపు క్లాసులో ఒక పిల్ల సరిగ్గా చేసుకొస్తే దాని మీద ఎర్ర గీత కొడతానేమో. ఆ పిల్ల ఇంటికి వెళ్ళి తనకి లెక్కలు రావని నమ్ముతుంది. జీవితాంతం నమ్ముతుంది. అలాంటివాళ్ళని నేను చూశాను.

2/5 ఎందుకయిందో ఎంత ఆలోచించినా దారి దొరకడం లేదు. పుస్తకం అచ్చు వేసినవాళ్ళకి తెలియకుండా ఉంటుందా, తెలియనిది నాకే.

రెండో విడత. మొదటిది 19/20. రెండోది 50 శాతం.

మీ బావ ఫోన్ చేసి ఇంకేమన్నారు? ఇంట్లో నేను గదిలోకి రాగానే మాట ఆపేస్తున్నారు. మీరిద్దరూ కలిసి ఏదో అనుకున్నారేమో అని నాకు అనుమానం. అనుమానం పెనుభూతం అంటారు. తెలిసీ పడుతున్నాను.

అక్క

5 మే

అక్కా,

ఒకటి కలిసింది. 50 శాతం సరిగ్గా ఉంది. మొదటిదానికి మాత్రం 4/9.

నువ్వు అన్నం మానేశావని చదివి నాకూ ముద్ద దిగలేదు. బావకీ నాకూ మధ్య ఏ కుట్రా లేదు. ఆయన అడిగింది ఒకటే, "మీ అక్క నా మాట వినదు, నువ్వైనా చెప్పమ్మా" అని. చెప్పనని అప్పుడు అన్నాను. ఇప్పుడు చెబుతున్నాను. వదిలెయ్యి అక్కా. ఇన్నాళ్ళూ చెప్పింది చాలదా? సంతకం పెట్టి నా దగ్గరికి వచ్చి ఉండు. ఇల్లు చిన్నదే, మనసుంటే చోటు చాలదా. నువ్వు గుమ్మంలో కూర్చుని పోస్టు కోసం ఎదురుచూడటం తలుచుకుంటే కుడుతున్న గీత అలుక్కుపోతోంది.

ఒకవేళ మాననే మాననంటే, పెద్ద లెక్కలు పక్కన పెట్టు. సులువైనవి పంపుతున్నాను. ఒక బుట్టలో రెండు దారపు రీళ్ళు ఉన్నాయి. ఇంకో బుట్టలో మూడు ఉన్నాయి. మొత్తం ఎన్ని?

నీ బుల్లి

శనివారం

చెల్లికి,

రీళ్ళు ఐదు.

ఇంకేమీ పంపనక్కర్లేదు. ఒకటి కలిసిందన్నావు. గుడ్డివాడి రాయి కూడా ఒక్కోసారి తగులుతుంది. నాకు పాఠం చెప్పే యోగ్యత లేదని తేలిపోయింది, తేల్చుకోవడానికే కదా నిన్ను అడిగింది. సాయం చేశావు. జాలి పడమని మాత్రం అడగలేదు.

గురువారం బడికి వెళ్ళి సంతకం పెడుతున్నాను. మీ బావకి చెప్పాను. ఆయన ముఖం తేలికపడింది, అది చూసి నాకు ఇంకా బరువెక్కింది. అది అయ్యేదాకా ఎవరితోనూ మాట్లాడే ఓపిక లేదు.

నేను నిజంగా చాలా అలసిపోయాను.

అక్క

12 మే

అక్కా, అక్కా,

సంతకం పెట్టకు. నువ్వు చేసినవన్నీ సరైనవే.

చిలక (నీ కూతురే, ఇప్పుడు అందరూ అలా పిలుస్తున్నారు) నిన్న సాయంత్రం ఊరి నుంచి వచ్చింది. నీ ఉత్తరాలు, నేను లెక్కలు రాసుకున్న కాగితం బల్ల మీద ఉంటే చదివింది. "అమ్మా, పెద్దమ్మవి అన్నీ కరెక్టేగా, ఇన్ని తప్పులు ఎవరు పెట్టారు?" అంది. నేను పెట్టానన్నాను. అది నా ముఖం చూసి, కూర్చోబెట్టి, అర్ధగంట ఏదో చెప్పింది. నాకు పూర్తిగా అర్థం కాలేదు, నేను తప్పని మాత్రం అర్థమైంది.

పుస్తకం లేదక్కా. ఎప్పుడూ లేదు. పని దిగేసరికి పుస్తకాల కొట్లు మూసేస్తున్నారు, సెలవు రోజున కూడా ఓవర్‌టైం. ఇంతోటి లెక్కలు నేనే అల్లలేనా అనుకున్నాను. జవాబులూ నేనే రాశాను. పై అంకెని పై అంకెతో, కింది అంకెని కింది అంకెతో కలిపాను. నాకు తెలిసిన పద్ధతి అదే, ఎవరూ పట్టించుకోని పద్ధతి. మాకు షాపులో గుడ్డ కత్తిరించడానికి కొలతల అచ్చు కాగితాలే కదా. మేస్త్రీ గీస్తాడు, నేను గీత మీద కుడతాను. ఎక్కడా నా లెక్క బయటపడలేదు.

పుస్తకం దొరకలేదని ఒక్క ముక్క రాస్తే పోయేది. రాయబుద్ధి కాలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ నువ్వు చెప్పడం, నేను వినడం. ఒక్కసారి నువ్వు నన్ను అడిగావు. తెలిసినదానిలా ఉండాలనిపించింది.

నిన్ననే ఫోన్ చేశాను. బావ ఎత్తి, నువ్వు ఎవరితోనూ మాట్లాడనన్నావని చెప్పాడు. జవాబులు తప్పు బావా, అక్కవి కావు నావి అన్నాను. "మళ్ళీ లెక్కలేనా, నువ్వైనా వదిలెయ్యమ్మా" అని పెట్టేశాడు. అందుకే ఇది రాస్తున్నాను, గురువారంలోపు అందదని తెలిసే రాస్తున్నాను. సెలవు ఇవ్వనని మేస్త్రీ అన్నాడు. ఇవ్వకపోయినా ఈ రాత్రికే బస్సెక్కేదాన్నే, కానీ ఏ ముఖం పెట్టుకుని రావాలో చెప్పు.

ఆ ఉద్యోగం పోతే నా చేత్తో పోయినట్టు.

బుల్లి

18 మే

బుల్లీ,

పైన తేదీ చూశావా? నేనే వేశాను. మీ బావని అడగలేదు.

నీ ఉత్తరం శనివారం అందింది. అప్పటికి రెండు రోజుల ముందే గురువారం అయిపోయింది. ఏం జరిగిందో వరసగా చెబుతాను, మధ్యలో ఏడవకు.

బడికి వెళ్ళాను. సెలవుల్లో బడి ఎలా ఉంటుందో తెలుసుగా, బెంచీలన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కించి, వరండా అంతా సున్నం వాసన. మీ బావ బయట కుర్చీలో కూర్చున్నారు. హెడ్‌మిస్ట్రెస్ కాగితం బల్ల మీద పెట్టింది, కలం మూత కూడా తనే తీసింది. మంచి మనిషి, చివరిసారిగా అడిగింది. "మీకు నిజంగా రావడం లేదా? చూస్తే బాగానే ఉన్నారు." రావడం లేదని రుజువు చూపిద్దామని నీ లెక్కల కాగితాలు సంచిలోంచి తీశాను. ఆవిడేమో, "నాకు లెక్కలు రావమ్మా, నేను చరిత్ర చెప్పేదాన్ని, ఇందులో తప్పేదో మీరే చెప్పండి" అంది.

సరే, చెప్పడం మొదలుపెట్టాను. నాకు అలవాటైన పనే కదా, తప్పు ఎందుకు తప్పో చెప్పడం. చేతిలో గుడ్డ ఉంటే బాగుంటుందని ఆవిడ బల్ల మీద పరిచిన దుప్పటి లాగాను. పూలకుండీ, గంట, సిరాబుడ్డి అన్నీ కిటికీలో పెట్టి, ఆవిడ ఒక కొస, నేను ఒక కొస పట్టుకున్నాం. ఇది ఒక మీటరు అనుకోండి అన్నాను. సగానికి మడిచి గుండుసూది గుచ్చాను. మూడు మడతలు పెట్టి ఒక మడత ఎంతో దారంతో కొలిచాను. ఆ దారాన్ని సూది దగ్గర నుంచి ముందుకు పరిచాను. గుడ్డ చివరకి ఇంకా కొద్దిగా మిగిలింది. "ఇదీ నేను చేసిన తప్పు, అసలు జవాబు చూడండి" అని ఐదు మడతలు పెట్టి రెండు పట్టుకున్నాను.

అది గుండుసూది దాకా కూడా రాలేదు.

దుప్పటి విప్పి మళ్ళీ మడిచాను, అంతే వచ్చింది. అర మీటరు గుడ్డకి ఇంకా గుడ్డ కలిపితే అరకన్నా తగ్గడమేమిటి? ఎవరూ చెప్పలేదు, లెక్క కట్టలేదు, కళ్ళతోనే తెలిసింది. ఇది పెద్దది, అది చిన్నది. ఇన్నాళ్ళూ నాకు పోయింది అదే, బుల్లీ. ఎంత అనేది. అది ఆ దుప్పటి మీద తిరిగొచ్చింది.

ఆ వెంటనే ఇంకోటి తట్టింది. పైన పైన, కింద కింద. అచ్చు వేసిన పుస్తకాల్లో ఇలాంటి పొరపాటు రాదు. ఈ తప్పు నాకు తెలుసు. చిన్నప్పుడు నా పక్కన కూర్చుని, పలక మోకాళ్ళ మీద పెట్టుకుని, నాలుక బయట పెట్టి నువ్వు రాసేది ఇదే. మూడు అంకెలుంటే పెద్దదనేది కూడా నీదే. నాకు నవ్వొచ్చింది. నవ్వు ఆగలేదు, కళ్ళనీళ్ళు వచ్చాయి. హెడ్‌మిస్ట్రెస్ హడలిపోయి మీ బావని పిలిచింది. ఆయన లోపలికి వచ్చేసరికి మేమిద్దరం దుప్పటి పట్టుకుని నిలబడి ఉన్నాం. సంతకం పెట్టాల్సిన కాగితం నేల మీద పడి ఉంది. వంగి తీయడానికి మా ముగ్గురిలో ఎవరి నడుమూ ఒప్పుకోలేదు.

నీ మీద కోపం వచ్చింది. చాలా వచ్చింది. నిద్రలేని రాత్రులకి నీకు ఎలా శిక్ష వేయాలా అని ఆలోచించాను. తర్వాత నీ ఉత్తరం వచ్చింది, తెలిసినదానిలా ఉండాలనిపించింది అని రాశావు. ఆ ఒక్క మాటతో కోపం ఎటు పోయిందో తెలియదు. ఎర్ర గీత పడిన పిల్లల సంగతి నేను పెద్ద గొప్పగా రాశాను. మన ఇంట్లోనే ఒకతి ఉందని తోచనే లేదు.

అలాగని నేను మునుపటిలా అయిపోలేదు. ఇంటికి వచ్చి సాయంత్రం దాకా పడుకున్నాను. ఆవిడ రెండు తరగతులూ తీసుకోమంది. వద్దు, ఆరో తరగతి చాలు, పొద్దుటి పూటే అన్నాను. మీ బావకి ఇది నచ్చలేదు, నాకూ పూర్తిగా నచ్చలేదు. ఎవరికీ పూర్తిగా నచ్చలేదంటే న్యాయంగానే ఉన్నట్టు.

నీ మూడు లెక్కలూ నీకే తిప్పి పంపుతున్నాను. షాపులో పీలికలు ఉంటాయిగా, ముందు పెట్టుకుని చెయ్యి. చిలకని అడగకు. చేసి పంపు, నేను దిద్దుతాను. తొందరేం లేదు. చూడు, చెప్పాను.

ఈ ఉదయం మందుబిళ్ళ నేనే విరిచాను. సరిగ్గా విరగలేదు. చిన్నముక్క నేను వేసుకుని, పెద్దది రేపటికి దాచమని మీ బావ చేతిలో పెట్టి, అది సగం కంటే ఎక్కువ, కొంచెం గీకాలి అని చెప్పాను.

నీ అక్క